పాట ఎవరి పేరు మీద ఉంది?

సంకలనాల గురించి స్త్రీవాద విమర్శ చాలా ప్రశ్నలే అడిగింది. ఎవరిని చేర్చారు, ఎవరిని వదిలేశారు, ఏ వరసలో పెట్టారు, ముందుమాటలో ఏమని సమర్థించుకున్నారు అన్నవి మనకిప్పుడు అలవాటైన ప్రశ్నలు. 1990లో 'గురిచూసి పాడేపాట', 1993లో 'నీలిమేఘాలు', ఆ తర్వాతి దశాబ్దంలో గోగు శ్యామల సంపాదకత్వాన దళిత స్త్రీల రచనలతో 'నల్లపొద్దు' – ఇవన్నీ ఆ ప్రశ్నలకు స్త్రీలు చేతల్లో ఇచ్చిన జవాబులు. అయితే గత రెండు దశాబ్దాలుగా మనలో చాలామందిమి చేస్తూ వచ్చిన మరో రకం సంకలనం ఉంది. దాన్ని సంకలనమని మనమూ అనుకోలేదు. హ్యాండ్‌బ్యాగులో వేసుకు తిరిగిన మ్యూజిక్ ప్లేయర్‌లో నచ్చిన పాటలు ఏరుకుని, ఒక వరసలో పెట్టుకుని, దానికొక పేరు పెట్టుకున్న ప్లేలిస్టు అది.

ప్లేలిస్టు ఒక సాహిత్య ప్రక్రియ అని నేను అనబోవడం లేదు. నా వాదన అంతకంటే చిన్నది. ప్లేయర్ తనంతట తాను పాటల్ని వర్గీకరించే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతికి పాట అంటే ఏమిటో, అది ఎవరిదో ముందే ఒక నిర్ణయం ఉంది. ఆ నిర్ణయంలో స్త్రీల పాటకు, కొన్నిచోట్ల స్త్రీ గొంతుకు కూడా, చోటు ఇరుకు. ఆ యంత్రంలో వినేవాళ్ళ చేతికి వదిలిన వర్గీకరణ ప్లేలిస్టు ఒక్కటే. కాబట్టి ప్లేలిస్టు తయారు చేసుకోవడాన్ని కాలక్షేపంగా తీసెయ్యకుండా, విమర్శకు పనికొచ్చే పనిగా చూడాలన్నది నా ఉద్దేశం.

1979లో సోనీ వాక్‌మన్ వచ్చినప్పుడు ఈ సమస్య లేదు. ఒకసారికి ఒక క్యాసెట్, ఆ క్యాసెట్ మీద ఎవరో ముందే నిర్ణయించిన వరస. 2001 అక్టోబర్ 23న ఆపిల్ సంస్థ ఐపాడ్‌ని ప్రకటించినప్పుడు అది 5 జీబీ డిస్కు, జేబులో వెయ్యి పాటలు అని చెప్పుకుంది. వెయ్యి పాటలు ఒకచోట చేరగానే వాటిని వెతుక్కునే దారి కావాలి. ఆ తొలి ఐపాడ్ మెనూలో పాటల దగ్గరికి వెళ్ళే దారులు మూడే: ప్లేలిస్టులు, ఆర్టిస్టులు, పాటలు. ఆల్బమ్, జానర్, కంపోజర్ అన్న దారులు తర్వాతి రూపాల్లో చేరాయి. గమనించండి, ఇన్ని దారుల్లో ప్లేలిస్టు తప్ప మిగిలినవన్నీ ఫైలుతో పాటు వచ్చిన సమాచారం మీద ఆధారపడినవి. ఆ సమాచారం ఎవరు రాశారో వింటున్న మనిషికి తెలియదు.

పైగా ప్లేలిస్టు అయినా వినే మనిషి చేతిలో పూర్తిగా లేదు. మొదట్లో ఐపాడ్ మీద ప్లేలిస్టు తయారుచేసే వీలే లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఐట్యూన్స్‌లో తయారుచేసి, తీగ తగిలించి దింపుకోవాలి. 2003లో 'ఆన్-ది-గో' ప్లేలిస్టు వచ్చాకే నడిబటన్‌ని నొక్కిపట్టి పాటల్ని అక్కడికక్కడ చేర్చుకోవడం కుదిరింది. ఇంకో నియమం కూడా ఉంది. ఆ ప్లేయర్‌ని ఒక కంప్యూటర్‌కి అలవాటు చేశాక మరో కంప్యూటర్‌కి తగిలిస్తే, ఉన్నవన్నీ చెరిపేసి ఇక్కడివి ఎక్కించమంటావా అని అడిగేది. కంప్యూటర్ ఇంట్లో ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడ సాంకేతికమైనది కాదు. అన్నదో, భర్తదో అయితే పాటల లైబ్రరీ కూడా వాళ్ళదే. చేతిలో ఉన్న వస్తువు ఆమెదే కావచ్చు, అందులో ఏది ఉండాలో తేల్చే యంత్రం ఇంకొకరి బల్ల మీద ఉంది. మా విమెన్స్ హాస్టల్‌లో నలుగురం స్కాలర్లం ఒక్క కంప్యూటర్ పంచుకునేవాళ్ళం. ఎవరి ప్లేయర్ తగిలించినా మిగతా ముగ్గురం 'నో' నొక్కమని ఒకేసారి అరవడం నాకు ఇప్పటికీ గుర్తు.

ఐపాడ్ మన దేశంలో ఖరీదైన సరుకు. ఎక్కువమంది చేతుల్లోకి వచ్చినవి చవకరకం ఎంపీ3 ప్లేయర్లు, ఆ వెనకే మెమరీ కార్డున్న ఫోన్లు. వాటిలో చాలావాటికి సరైన ప్లేలిస్టే ఉండేది కాదు, ఫోల్డర్లు ఉండేవి. మొబైల్ షాపులో పదో ఇరవయ్యో ఇచ్చి 'పాటలు ఎక్కించుకోవడం' ఒక దశాబ్దం పాటు ఊరూరా సాగిన వ్యాపారం. షాపు కుర్రాడి కంప్యూటర్‌లో హీరోల పేర్ల మీద ఫోల్డర్లు ఉండేవి. ఆ ఫోల్డర్ అలాగే ఆమె ఫోన్‌లోకి వచ్చేది. ఒక స్త్రీ గొంతు విన్నప్పుడు కూడా ఆ పాట ఒక హీరో ఫోల్డర్‌లోదే.

ఈ మధ్యవర్తి కొత్తవాడేమీ కాదు. అంతకు ముందు క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. మా పిన్ని తెల్లకాగితం మీద పాటల జాబితా రాసి మా మామయ్యతో పంపేది. అరవై నిమిషాల క్యాసెట్ అంటే పక్కకు ముప్పై నిమిషాలు, అంటే ఏడు పాటలు, ఇరికిస్తే ఎనిమిది. ఆ లెక్క వేసుకుని, చివరి పాట మధ్యలో తెగకుండా రెండు చిన్న పాటలు అదనంగా రాసి, 'పై పాట పట్టకపోతేనే ఇది' అని పక్కన సూచన రాసేది. షాపువాడి దగ్గర లేని పాట బదులు వాడికి తోచింది వచ్చేది. పిన్ని ఆ కాగితాలు పారెయ్యలేదు. వాటిని ఇప్పుడు చదువుతుంటే ఏది ముందు, ఏది తర్వాత అన్న విషయంలో ఆమెకు ఎంత స్పష్టత ఉందో తెలుస్తుంది. ఒక విషాద గీతం తర్వాత ఎప్పుడూ ఒక భక్తి గీతమే రాదు, ఒక్కోసారి హాస్యగీతం వస్తుంది. ఎందుకలా అని అడిగితే, "ఏడ్చి లేచాక వంటింట్లోకి వెళ్ళాలిగా" అంది.

సంగీతాన్ని సేకరించి, వరసపెట్టి, దాని గురించి అధికారంగా మాట్లాడే మనిషి అనగానే మనకు తోచే బొమ్మ మాత్రం పురుషుడిదే. నిక్ హార్న్‌బీ 1995 నవల 'హై ఫిడెలిటీ'లో రికార్డుల దుకాణం నడిపే రాబ్ ప్రతిదానికీ తొలి ఐదింటి జాబితా వేస్తాడు, క్యాసెట్ కూర్చడానికి నియమాలు చెబుతాడు. విల్ స్ట్రా 1997లో రికార్డు సేకరణల మీద రాసిన వ్యాసంలో ఈ సేకరణ జ్ఞానం రాక్ సంగీత ప్రపంచంలో మగతనంతో ఎలా ముడిపడిందో విశ్లేషించాడు. మన దగ్గరా అంతే. ఫలానా ఆయన దగ్గర పాత పాటల నిధి ఉందని చెప్పుకుంటాం. పిన్ని దగ్గర ఉన్నవి 'పాత కాగితాలు'. రాబ్ జాబితా అభిరుచికి గుర్తు, పిన్ని జాబితా ఇంట్లో చిల్లర సామాను చీటీతో సమానం. రెండింట్లోనూ జరిగింది ఎంపిక, వరస, తీర్పు. అంటే విమర్శ చేసే పనులే.

ఇక ఫైలుతో వచ్చే సమాచారం సంగతి చూద్దాం. ఎంపీ3 ఫైలుకి పాట వివరాలు అంటించే ఐడీ3 అనే పద్ధతిని 1996లో ఎరిక్ కెంప్ తయారుచేశాడు. ఫైలు చివర 128 బైట్ల జాగా. అందులో పాట పేరుకు 30, ఆర్టిస్టుకు 30, ఆల్బమ్‌కు 30, ఏడాదికి 4, వ్యాఖ్యకు 30, జానర్‌కు ఒకే ఒక్క బైటు. మిగిలిన మూడు ఇక్కడ ట్యాగ్ ఉందని చెప్పే గుర్తుకి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. ఇప్పుడు మనం వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికే కాదు, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ, సున్నాకీ తలా మూడు బైట్లు కావాలి. 'సీత అప్పగింతలు' అని ఆ 30 బైట్లలో రాయబోతే 'సీత అప్పగి' దగ్గర జాగా అయిపోతుంది. నిజానికి ఆనాటి పద్ధతి తెలుగు లిపిని ఊహించనే లేదు. 1998లో వచ్చిన రెండో రూపం ఈ ఇరుకును తీసేసింది గాని, చవకరకం ప్లేయర్ల తెరల మీద చాలాకాలం తెలుగు బదులు డబ్బాలే కనిపించాయి. అందుకే మన పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వాళ్ళు కొట్టిన పేర్లతో చెలామణీ అయ్యాయి.

ఆ ఒక్క బైటు జానర్ ఇంకా ఆసక్తికరమైనది. తొలి జాబితాలో 80 జానర్లు ఉన్నాయి. క్రిస్టియన్ ర్యాప్‌కి ఒక సంఖ్య ఉంది, పోల్కాకి ఒక సంఖ్య ఉంది. జానపదం అన్నదానికి లేదు. 'ఫోక్' అన్న మాట ఆ తర్వాత వినాంప్ సాఫ్ట్‌వేర్ పొడిగించిన జాబితాలో వచ్చి చేరింది. ఆ 80లో మనకు మిగిలేవి 'ఎథ్నిక్', 'అదర్'. అదర్ అంటే ఇతరం. స్త్రీవాద సిద్ధాంతం చదువుకున్న వాళ్ళకి ఆ మాట వేరే వివరించనక్కర్లేదు. దంపుళ్ళ పాట, నాట్ల పాట, మంగళహారతి, లాలి, గొబ్బిపాట, బతుకమ్మ పాట అన్నీ ఒకే 'ఇతరం'.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆర్టిస్టు గడిలో ఉంది. ప్లేయర్‌కి ఆ గడిలో ఉన్నది మనిషి పేరని తెలియదు. అది ఒక అక్షరాల వరస, అంతే. 'ఘంటసాల, పి.సుశీల' అని ఉంటే దానికి అది ఒక ఆర్టిస్టు. విడిగా 'పి.సుశీల' మరో ఆర్టిస్టు. చుక్క లేకుండా రాసినది ఇంకొకరు, ఇంగ్లీషులో ఒక అక్షరం మారితే నాలుగోవారు. మెనూలో అక్షరక్రమంలో ముందున్న పేరే లెక్క. నా దగ్గరున్న యుగళగీతాల్లో ఎక్కువభాగం గాయకుడి పేరుతోనే మొదలవుతాయి. అంచేత సుశీల పేరు నొక్కితే ఆమె ఒంటరిగా పాడిన పాటలే వస్తాయి. మిగతావన్నీ ఘ దగ్గరో, బ దగ్గరో ఇంకొకరి వెనక నిలబడి ఉంటాయి. సోలోలు, యుగళగీతాలు, బృందగీతాలు కలిపి ఆమె పాడిన 17,695 పాటల్ని 2016లో గిన్నిస్ సంస్థ గుర్తించింది. అంత పని చేసిన గాయనికి ఆ చిన్న తెర మీద దక్కే చోటు ఆమెతో ఇంకెవరూ గొంతు కలపని పాటలకే. ఎవరూ పగబట్టి చేసిన పని కాదిది. పితృస్వామ్యం ఇలాంటి చోట్ల పగతో పనిచెయ్యదు. ముందు ఎవరి పేరు రాయాలి అన్న మామూలు అలవాటుతో పనిచేస్తుంది, యంత్రం ఆ అలవాటుని నియమంగా మార్చేస్తుంది.

కంపోజర్ మెనూ తెరిచి స్త్రీల పేర్లు వెతకండి. 1954లో 'చక్రపాణి'కి సంగీతం ఇచ్చిన భానుమతి, 1968లో సావిత్రి దర్శకత్వం వహించిన 'చిన్నారి పాపలు'కి సంగీతం ఇచ్చిన పి.లీల, తొంభైలనుంచి ఎం.ఎం.శ్రీలేఖ. వెతికి ఎక్కించుకుంటే తప్ప ఆ పేర్లు మెనూలోకి రావు. పి.లీల గాయనిగా నా ప్లేయర్‌లో మొదటినుంచీ ఉంది. సంగీత దర్శకురాలిగా ఆమెను నేను చేతితో కొట్టి చేర్చాల్సి వచ్చింది. ఇక పాట రాసినవాళ్ళకు ఐపాడ్ మెనూలో దారే లేదు. థియేటర్ దగ్గర అమ్మిన చవక పాటల పుస్తకంలో కూడా రచయిత పేరుండేది.

ఇక్కడ ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. పాటకి పేరు అంటించే పద్ధతి మనకు కంప్యూటర్‌తో రాలేదు. వాగ్గేయకారుల ముద్ర అదే కదా. త్యాగరాజు చివరి చరణంలో తన పేరు పెట్టాడు. తరిగొండ వెంగమాంబ తన ఊరి నృసింహుణ్ణి ముద్రగా చేసుకుంది. పాట ఎంతమంది నోట్లోకి వెళ్ళినా ఆ ముద్ర చెరగదు, చెరిపితే ఛందస్సు కుంటుతుంది. కానీ స్త్రీల పాటల్లో అత్యధికభాగానికి ఇలాంటి ముద్ర లేదు. చాలా కథా పాటల చివర దాని బదులు ఫలశ్రుతి ఉంటుంది. పాడినవాళ్ళకి, విన్నవాళ్ళకి మేలు జరుగుతుందని చెప్పే ముగింపు. దాన్ని ఆచారపు మాటగా దాటేస్తాం గాని, రచయిత పేరుండాల్సిన చోట ఇక్కడ పాడేవాళ్ళూ వినేవాళ్ళూ ఉన్నారు. పాట ఎవరిదన్న ప్రశ్నకు ఆ సంప్రదాయం ఇచ్చిన జవాబది. ఆర్టిస్టు గడి ఈ జవాబును తీసుకోలేదు. ప్లేలిస్టుకి ఎంతో కొంత ఆ వీలుంది, ఎందుకంటే అందులో విన్న మనిషి పనికి చోటుంది.

పేరు లేకపోవడాన్ని గొప్ప సామూహికతగా పొగడడం కూడా ప్రమాదమే. పేరు దక్కించుకోవడానికి స్త్రీలు తెలివిగా పోరాడిన సందర్భాలున్నాయి. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తొలి రికార్డింగులు చేసినప్పుడు గౌహర్ జాన్ ప్రతి పాట చివరా తన పేరు ఇంగ్లీషులో తనే ప్రకటించింది. రికార్డు ముద్రణకు జర్మనీలోని హానోవర్ పోవాలి, అక్కడివాళ్ళకు ఎవరి పాటో తెలియాలి, అందుకని చేసిన ఏర్పాటంటారు. ఏర్పాటు ఎవరిదైనా ఫలితం చూడండి. లేబుల్ ఊడిపోవచ్చు, ఫైలు పేరు మారిపోవచ్చు, ఆర్టిస్టు గడి ఖాళీగా ఉండవచ్చు. ఆ పాట మోగినంత కాలం ఆమె పేరు ఆమె గొంతులోనే వినిపిస్తుంది. ఐడీ3కి తొంభై ఏళ్ళకు పైగా ముందు ఒక తవాయిఫ్ తన పాటకి అంటించిన ట్యాగ్ అది.

నా సిద్ధాంత గ్రంథం కోసం నల్గొండ జిల్లాలో నాట్ల పాటలు రికార్డు చేసినప్పుడు ఈ ప్రశ్నలన్నీ నాకు ఒకే ఒక్క మాట రూపంలో ఎదురయ్యాయి. ఇంటికొచ్చి ఫైళ్ళు కంప్యూటర్‌లోకి దింపగానే ప్రతి పాట పక్కనా 'అన్‌నోన్ ఆర్టిస్ట్' అని వచ్చింది. తెలుగు మెనూ పెట్టుకున్న ఫోన్‌లో అది 'తెలియని కళాకారుడు' అయింది. పదకొండు మంది ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో వంగి పాడిన పాట, కళాకారుడు తెలియడు. పుంలింగంతో సహా. వాళ్ళు నాకు తెలుసు, పేరుపేరునా తెలుసు. తెలియనిది యంత్రానికి. కానీ విశ్వవిద్యాలయం అలవాటు కూడా దీనికి దూరంగా లేదు. పుస్తకం వెన్ను మీద సేకర్త పేరుంటుంది, పాడినవాళ్ళు 'వక్తలు' అన్న అనుబంధంలో చివరికి చేరతారు.

మళ్ళీ వెళ్ళినప్పుడు ప్లేయర్ తీసుకెళ్ళి, ముందుపాట అందుకునే అవ్వకి ఇయర్‌ఫోన్లు పెట్టాను. కాసేపు విని తీసేసింది. "గిట్ల ఒక్కదాన్నే ఇంటుంటే పక్కన ఎవ్వరు లేనట్టున్నది బిడ్డా. అందరికి ఇనపడేటట్టు పెట్టు" అంది. స్పీకర్ తగిలించాక అందరూ చేరారు. పాట మీ పేరున రాయనా అవ్వా అని అడిగితే, "నేను అందుకుంట, ఆళ్ళు ఎత్తుకుంటరు. ఆళ్ళు ఎత్తుకోకపోతే నాదేం పాట? అందరి పేర్లు రాయి" అంది. ఒకామె మాత్రం తన పేరు వద్దంది. కూలికి పోయి పాటలు పాడిందని పెళ్ళికావలసిన తన కూతురి అత్తింటివాళ్ళు వింటారని ఆమె భయం. పేరు రాయడం గౌరవమని నేననుకుంటున్నచోట ఆమెకది ప్రమాదం. కనక ఆ గడిలో పది పేర్లు, 'ఇంకొకరు' అని రాశాను. ఆ 'ఇంకొకరు'కీ 'తెలియని కళాకారుడు'కీ మధ్య తేడా ఉంది. ఒకటి ఆమె నిర్ణయం, రెండోది యంత్రం నిర్ణయం.

ఇక్కడ కులం సంగతి దాచకూడదు. మనకు అచ్చులో దొరికే స్త్రీల రామాయణపు పాటలు, ఊర్మిళాదేవి నిద్ర, కౌసల్య వేవిళ్ళు వంటివి, ప్రధానంగా అగ్రవర్ణ స్త్రీల ఇళ్ళలోవి. వెల్చేరు నారాయణరావు 1991లో ఇంగ్లీషులో వచ్చిన తన వ్యాసంలో ఈ పాటలకూ, పొలం పనుల్లో శ్రామిక కులాల స్త్రీలు పాడే రామాయణపు పాటలకూ మధ్య తేడాలు చూపించారు. నోటుబుక్కులో పాటలు రాసుకునే తీరిక, అక్షరం అందరికీ లేదు. ఈనాడు ప్లేలిస్టు చేసుకునే తీరికా అందరికీ లేదు. నాట్ల పాట నా ప్లేయర్‌లోకి రావడం ఆ పాట గెలుపని నేను మురిసిపోవడంలో అర్థం లేదు. ఆ పాడినవాళ్ళలో ఒక్కరి దగ్గరా అలాంటి ప్లేయర్ లేదు. నేను చేసిచ్చిన కాపీ ఒక మెమరీ కార్డులో వాళ్ళ ఊళ్ళో ఉంది. పాట తిరిగి వాళ్ళకి చేరడం సేకరణలో భాగమని మాత్రం అనుకున్నాను.

వాళ్ళ వర్గీకరణ చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. స్త్రీలు తమ పాటల్ని ఎప్పుడూ పనిని బట్టి, వేళను బట్టి, జీవితఘట్టాన్ని బట్టి వేరుచేసుకున్నారు. నాటు, కలుపు, దంపుడు, విసురు. నలుగు, అప్పగింత, వేవిళ్ళు, లాలి. ఇప్పుడు స్ట్రీమింగ్ కంపెనీలు వ్యాయామానికి, వంటకు, నిద్రకు అంటూ ప్లేలిస్టులు తయారు చేసి కొత్త సంగతిలా ఇస్తున్నాయి. తేడా ఒక్కటే. దంపుడు పాట దంచే చేతుల లయనుంచి పుట్టింది, అలసట ఎప్పుడొస్తుందో దానికి తెలుసు. వంటకని కంపెనీ ఇచ్చే జాబితాకి వంట ఎవరు చేస్తున్నారో అక్కర్లేదు. 2005లో ఆపిల్ తెచ్చిన ఐపాడ్ షఫుల్‌కి అసలు తెరే లేదు, యాదృచ్ఛికతే అందం అన్నట్టు అమ్మారు. నా సేకరణను షఫుల్‌లో పెడితే అప్పగింతల పాట తర్వాత నలుగు పాట వచ్చింది. పెళ్ళికూతుర్ని పంపేశాక నలుగెవరికి? స్త్రీల పాటల్లో వరస అలంకారం కాదు, వరసే అర్థం.

వరస అవసరం ఇంకో చోట కూడా ఉంది. హోసోకావా షుహే 1984లో వాక్‌మన్ ప్రభావం గురించి రాసినా, మైకేల్ బుల్ 2007లో ఐపాడ్ సంస్కృతి మీద పుస్తకం రాసినా, నగరంలో నడిచే మనిషి తన చుట్టూ తన శబ్దలోకం కట్టుకోవడం గురించి మాట్లాడారు. హైదరాబాద్ సిటీ బస్సులో సాయంత్రం ఏడు దాటాక ఆడపిల్ల ఆ లోకాన్ని సగమే కట్టుకుంటుంది. ఒక చెవిలో పాట, రెండో చెవి వెనక సీటు మీద. ఇయర్‌ఫోన్ ఉంటే పలకరించేవాళ్ళు తగ్గుతారు, కాని వెనక అడుగుల చప్పుడు వినపడకపోతే అదో భయం. బ్యాగులోంచి ప్లేయర్ పదేపదే తీస్తే చూపులు పడతాయి. అందుకని నలభై ఐదు నిమిషాల ప్రయాణానికి సరిపడా ప్లేలిస్టు ముందే కట్టుకోవడం నాకూ నా స్నేహితురాళ్ళకూ అలవాటయింది. చివరి రెండు పాటలు నెమ్మదివి, స్టాపు దగ్గర్నుంచి ఇంటి దాకా చప్పుళ్ళు వినపడాలి కనక. మగవాడి ప్లేలిస్టులో ఇలాంటి చివరి రెండు పాటలు ఎంతమందికి ఉంటాయో అడిగి చూడండి.

ఇంత చెప్పాక ప్లేలిస్టు పరిమితులు కూడా చెప్పాలి. ప్లేలిస్టులో పాటలుండవు. ఉండేది పాట ఎక్కడుందో చెప్పే జాబితా. ఎం3యు అనే ప్లేలిస్టు ఫైలు తెరిస్తే మామూలు అక్షరాలే కనిపిస్తాయి. పాట ఫైలు చోటు మారిస్తే ఆ వరుస చచ్చుబడిపోతుంది. 2022 మేలో ఆపిల్ చివరి ఐపాడ్‌ను కూడా ఆపేసింది. అల్మారాల్లో పడి ఉన్న ఆ పాత ప్లేయర్లలో ఎంతమంది స్త్రీల ఎంపికలు చార్జింగ్ లేక ఆగిపోయి ఉన్నాయో. ఇవాళ ఎక్కువమంది ప్లేలిస్టులు కంపెనీల ఖాతాల్లో ఉన్నాయి, ఏ పాటని ఎన్నిసార్లు విన్నామో వాళ్ళు లెక్కపెట్టి తర్వాతి పాట వాళ్ళే చూపిస్తున్నారు. షాపు కుర్రాడు మరో రూపంలో తిరిగొచ్చాడన్నమాట.

రెండో పరిమితి ఇంతకంటే ముఖ్యమైనది. ప్లేలిస్టుకి ముందుమాట లేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను అంతకుముందటి అచ్చు వదిలేసిన పద్యాలతో సహా ప్రచురించినప్పుడు అది చదువరిగా ఆమె ఇష్టంతోనే మొదలయింది. కాని ఆమె దాన్ని తన దగ్గర దాచుకోలేదు, ఎందుకు ప్రచురిస్తున్నానో రాసి నలుగురి ముందు పెట్టింది. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతుల్ని అచ్చులోకి తెచ్చింది. సూసీ తారు, కె.లలిత సంకలనం 1991, 1993ల్లో రెండు సంపుటాలుగా వచ్చింది. ఎంపిక వాదన అయ్యేది ఎందుకు ఎంచుకున్నామో చెప్పి, జవాబుదారీగా నిలబడినప్పుడే. ఇయర్‌ఫోన్లలో దాక్కున్న ప్లేలిస్టు ఆ పని చెయ్యదు. అవ్వ స్పీకర్‌లో పెట్టమన్నది అందుకే అని నాకిప్పుడు అర్థమవుతోంది.

కాబట్టి నా ప్రతిపాదన చాలా మామూలుది. మన ప్లేలిస్టుల్ని రాసి ఉంచుదాం. కాగితం మీదైనా సరే, ఏ కంపెనీ ఖాతాతోనూ పని లేని ఒక మామూలు ఫైలులోనైనా సరే. పాట పేరు, అందరి పేర్లు, పేరు వద్దన్నవాళ్ళుంటే 'ఇంకొకరు', ఊరు, ఏ పనిలో పాడారు, దీని ముందు ఏది, తర్వాత ఏది, ఎందుకు. ఐడీ3లో వ్యాఖ్య అనే గడి ఒకటుందని చెప్పాను. నేను చూసిన ఫైళ్ళలో దాదాపు అన్నిట్లో అది ఖాళీగానే ఉంది, లేదంటే ఆ పాట ఏ వెబ్‌సైటు నుంచి దించారో ఆ పేరుంది. విమర్శకులుగా మనకు ఆ యంత్రంలో దొరికిన జాగా అదే. మా పిన్ని తన చీటీలో పాట పక్కన రాసిన 'ఇది పట్టకపోతే' లాంటి నాలుగు మాటలకు అది సరిపోతుంది.